ఛత్ గల్లీలో గొడుగుల కొట్టు

ఫిబ్రవరి నెలలో, ఆకాశంలో మబ్బు తునక లేని రోజుల్లో, మా కొట్టుకి ఎదురుగా ఒకాయన వచ్చి గొడుగుల కొట్టు తెరిచాడు. అండమాన్‌లో ఏడాదిలో సగానికి పైగా వానే, నిజమే. కానీ ఆ మిగతా రోజులు చూసి మరీ గొడుగులు అమ్ముకోవడానికి వచ్చిన మనిషిని ఎవరు నమ్ముతారు? మేమూ నమ్మలేదు.

మా కొట్లున్న సందుని పోర్ట్ బ్లెయిర్‌లో అందరూ ఛత్ గల్లీ అంటారు. ఛత్ అంటే కప్పు. సందు ఈ మొదలు నుంచి ఆ చివరి దాకా ఒకటే కప్పు. రెండు పక్కలా కొట్ల వరస, మధ్యలో నలుగురు పక్కపక్కన నడిచేంత దారి, పడౌక్ కలప స్తంభాలు, వాటి మీద జింకు రేకులు. నడినెత్తిన మాత్రం వెలుతురు కోసం పొడుగునా అద్దాలు బిగించారు. బ్రిటిష్ వాళ్ల కాలం నాటిదని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. యుద్ధంలో జపాన్ వాళ్లు అందులో బియ్యం బస్తాలు దాచారని కూడా అనేవారు. ఏది నిజమో నాకు తెలీదు. పగటిపూట నా మిషను మీదికి పైనుంచే వెలుగు దిగేదనీ, సూదిలో దారం ఎక్కించడానికి లైటు వెయ్యక్కర్లేదనీ మాత్రం తెలుసు.

కొట్టు అమ్మది. మా తాత శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు నుంచి చేపల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అమ్మ ఇక్కడే పుట్టింది, నేనూ ఇక్కడే పుట్టాను. నాన్న పోయాక అమ్మ ఒక పాత మిషను పట్టుకొచ్చి ఛత్ గల్లీలో కూర్చుంది. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, స్కూలు యూనిఫారాలు. ఇప్పుడు మిషను నేను తొక్కుతాను, అమ్మ పక్కన కూర్చుని హుక్కులూ కాజాలూ కుడుతుంది. మా ఆయన నికోబార్ వైపు వెళ్లే షిప్పులో పనిచేస్తాడు, ఇంట్లో కంటే సముద్రం మీదే ఎక్కువ ఉంటాడు. కాబట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేనూ అమ్మా, మా గల్లీ. అంతే మా లోకం.

ఆ ఏడాది చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధన అయిన కొన్నాళ్లకి గల్లీ మేనేజరు వచ్చాడు. గల్లీ సొంతదారులు చెన్నైలో ఉంటారు, వాళ్ల మొహాలు మేమెప్పుడూ చూడలేదు. ఏ మాటైనా ఈ మేనేజరు నోటి నుంచే రావాలి. అందరినీ దారి మధ్యలో నిలబెట్టి చెప్పాడు.

"కప్పు పాతదైపోయింది. ఎవరి నెత్తి మీదైనా పడితే మేం జైలుకెళ్లాలి. మునిసిపాలిటీ ఇంజనీరు వచ్చి చూస్తాడు. డేంజర్ అన్నాడా, ఖాళీ చెయ్యాల్సిందే. అప్పటిదాకా కప్పు జోలికి ఎవరూ వెళ్లకూడదు. మేకు కూడా కొట్టకూడదు."

"ఖాళీ చేస్తే తరవాత ఏటి కడతారు?" అని అమ్మ అడిగింది.

"నాలుగంతస్తుల కాంప్లెక్సు. ఏసీ. లిఫ్టు," అన్నాడాయన, అది మాకు శుభవార్తేమో అన్నట్టు.

సరిగ్గా ఆ మాట చెప్పిన తర్వాతే, ఎన్నాళ్లగానో మూతబడి ఉన్న ఎదురు కొట్టుని ఆ కొత్తాయనకి ఇచ్చారు. కూల్చేస్తామంటున్న చోట కొత్త మనిషిని ఎందుకు పెడతారు? ఈ ప్రశ్న మొదట అడిగింది వాచీల మావయ్య.

వాచీల మావయ్య అంటే మా పక్క కొట్టాయన. చుట్టరికం ఏమీ లేదు. నాన్న ఉన్నప్పటి నుంచి పక్కపక్కనే ఉన్నాం, ఒకటే తెలుగు చర్చికి వెళ్తాం, అక్కడ ఆయన సంఘపెద్ద. నాకు తెలుగు చదవడం వచ్చిందంటే సండే స్కూల్లో ఆయన చలవే. ఒక కంటికి భూతద్దం బిగించుకుని, చిన్న చిన్న చక్రాల మీదికి వంగి, ఎవరు ఏమన్నా తల ఎత్తకుండానే జవాబు చెప్పేవాడు.

"వాడు గొడుగులు అమ్మడానికి రాలేదమ్మా. మనని చూడ్డానికి వచ్చాడు," అన్నాడు ఒకరోజు మెల్లగా. "గోడ మీద ఏం తగిలించాడో చూశావా?"

అప్పటికే చూశాను. ఫ్రేము కట్టిన పెద్ద ఫోటో. పొడవాటి వీధి, దాని మీద విల్లులా వంగిన అద్దాల కప్పు, నేల మీద నల్లా తెల్లా పలకలు, రెండు వైపులా ఇత్తడి దీపాలు, గాజు తలుపుల కొట్లు. ఎంత శుభ్రంగా ఉందంటే అది మనుషులు నడిచే చోటులా లేదు.

"అదేనే రేపు ఇక్కడ కట్టబోయేది. ప్లాను గోడకే తగిలించుకున్నాడు, ధైర్యం చూడు," అన్నాడు మావయ్య.

ఆ మాట మధ్యాహ్నానికి గల్లీ అంతా పాకింది. గాజుల దీదీ అయితే నేరుగా వెళ్లి ఆ ఫోటో ముందు నిలబడి చూసి వచ్చింది. ఆవిడ బెంగాలీ, మా వరసలోనే నాలుగు కొట్ల అవతల గాజులు అమ్ముతుంది. "ఛత్ గల్లీ మే ఛాతా దుకాన్! పేరు బాగానే కుదిరింది, మనిషే కుదరలేదు," అంది. ఛాతా అంటే గొడుగు. అందరూ నవ్వారు, కానీ ఆ నవ్వులో సరదా లేదు.

ఆ గొడుగులాయన కూడా అనుమానం రాకుండా ఉండేవాడు కాదు. కొనడానికి ఎవరూ రాకపోయినా దిగులు పడేవాడు కాదు. పొద్దున్నే వచ్చి గొడుగులు తుడిచి, ఆ తర్వాత దారి మధ్యలో నిలబడి పైకి చూసేవాడు. ఒకరోజు టేపు తీసి స్తంభానికీ స్తంభానికీ మధ్య కొలిచాడు. ఇంకోరోజు బయట గోడకి నిచ్చెన వేసుకుని పైకెక్కి ఫోటోలు తీసుకున్నాడు. దిగి వచ్చి, బట్టకి చాక్‌పీసుతో గీత గీస్తున్న నా దగ్గర ఆగాడు.

"మీ కొట్టులో వాన నీరు ఎటువైపు నుంచి కారుతుందండీ?"

ఆ తెలుగు విని ఇంకా అనుమానం వచ్చింది. మా తెలుగులో సగం హిందీ. ఆయన మాట టీవీలో వార్తలు చదివినట్టుంది.

"కారితే నీకెందుకు భయ్యా?" అన్నాను.

"ఊరికే. తెలుసుకుందామని."

"ఊరికే ఎవరూ తెలుసుకోరు."

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. కోపం కూడా రాలేదు. కోపం రాని మనిషిని చూస్తే నాకు మరీ భయం.

అమ్మ మాత్రం మూడో రోజుకే ఆయన్ని 'బాబూ' అని పిలవడం మొదలెట్టింది. మా ఫ్లాస్కులో టీ ఒక గ్లాసు ఎదురు కొట్టుకి వెళ్లేది. మొదట్లో నా చేత పంపేది, నేను మొహం ముడుచుకుంటే తనే తీసుకెళ్లేది. వెళ్తే తొందరగా వచ్చేది కాదు. వాళ్లిద్దరూ ఏదో మాట్లాడుకునేవారు. నేను మిషను ఆపగానే ఆ మాటలూ ఆగిపోయేవి.

"ఏం మాట్లాడుతున్నావమ్మా అంతసేపు?"

"ఊళ్ల కబుర్లు. ఆ బాబు బ్రస్సెల్స్ అనే ఊళ్లో పనిచేసేడట. ఆ ఫోటో అక్కడిదేనట. అదీ మన గల్లీలాటిదే, బాగా పాతదట."

"మన గల్లీలాటిదా? అమ్మా, అక్కడ నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు."

"అందుకే అడిగేను, ఎవరు తుడుస్తారని," అంది అమ్మ.

నాకు నవ్వు రాలేదు. కొట్టు అద్దె కాగితం అమ్మ పేరున ఉంది. అమ్మ మెత్తన. ఎవరైనా తీపిగా మాట్లాడితే ఎక్కడ వేలిముద్ర వెయ్యమంటే అక్కడ వేస్తుందేమోనని నా భయం. మావయ్య కూడా అదే అన్నాడు. "అమ్మని కనిపెట్టుకుని ఉండు. ముందు ఆవిడతో ఊఁ అనిపిస్తే మిగతావాళ్లు ఆమె వెనకే వస్తారని వాడి ఎత్తు. వాణ్ని మిడిల్ పాయింట్‌లో మేనేజరు ఆఫీసు మెట్ల మీద చూశారట."

చూసిందెవరో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ వారంలోనే లైనింగు బట్ట కోసం మిడిల్ పాయింట్ బజారుకి వెళ్లాల్సిన పని పడింది. పని ముగించుకుని, ఆ ఆఫీసు ఎదురుగా టీ బండి దగ్గర కాసేపు నిలబడ్డాను. గొడుగులాయన వస్తాడేమో చూద్దామని. ఆయన రాలేదు. మెట్లు దిగి వచ్చింది వాచీల మావయ్య.

నన్ను చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నవ్వుతూ రోడ్డు దాటాడు.

"వాడు ఇక్కడికెందుకు వస్తున్నాడో కనుక్కుందామని వచ్చానమ్మా."

"కనుక్కున్నారా?"

"చెప్పరు కదా, దొంగలందరూ ఒకటే," అని నా చేతిలో బట్టల సంచి తీసుకుని, బస్సు దాకా మోసుకొచ్చి, సీటు దొరికేదాకా నిలబడ్డాడు. ఆయన మంచితనం చూసి ఆ మెట్ల సంగతి నేను అప్పుడే మర్చిపోయాను.

ఏప్రిల్‌లో మొదటి గాలివాన వచ్చింది. మధ్యాహ్నం అన్నాలు తినే వేళ, ఒక్కసారిగా గల్లీ చీకటైపోయి, రేకుల మీద చినుకుల మోత మొదలైంది. అంతలో సముద్రం వైపు నుంచి పెద్ద గాలి. పైన ఒక రేకు లేచి కొట్టుకుంది. ఆ అదురుకి దాని పక్కనున్న అద్దం జారి, గాజుల దీదీ కొట్టు ముందు నేల మీద పడి ముక్కలైంది. దీదీ ఎవరో పిల్ల చేతికి గాజులు తొడుగుతోంది. ఇంకో అడుగు ముందుకి ఉంటే ఇద్దరి తలల మీదా పడేది. ఆ పిల్ల ఏడుపు, దీదీ తిట్లు, వాన మోత, అంతా కలిసిపోయాయి.

వాన ఆగాక అందరం అక్కడ చేరాం. గొడుగులాయన ఒంగి, కింద పడిన ఒక వంకర మేకు లాంటి దాన్ని ఏరాడు. రేకుల్ని పట్టి ఉంచే హుక్కు బోల్టు అది.

"ఇది తుప్పు పట్టి విరగలేదు. మర చూడండి, బాగానే ఉంది. ఎవరో విప్పారు," అన్నాడు.

అందరికంటే ముందు మాట్లాడింది వాచీల మావయ్య. "పైకెక్కింది నువ్వొక్కడివే కదా బాబూ."

దాంతో గల్లీ అంతా ఆయన మీద పడింది. టేపు ఎందుకు పట్టావని ఒకరు, ఫోటోలు ఎవరికి పంపావని ఒకరు. దీదీ ఆయన కాలర్ పట్టుకోబోయింది. రేపటికల్లా కొట్టు ఖాళీ చెయ్యాలి, లేకపోతే పోలీసుల్ని పిలుస్తామని అన్నారు. నేను ఏమీ అనలేదు కానీ, అనాలనిపించింది. అప్పుడు అమ్మ గుంపులోంచి ముందుకొచ్చి ఆయన పక్కన నిలబడింది.

"పిలవండి. పోలీసులొస్తే పైకి కూడా ఎక్కి చూస్తారు. మంచిదే కదా," అంది.

ఎందుకో ఆ మాటతో గొడవ చల్లబడింది. పోలీసుల్ని ఎవరూ పిలవలేదు. "పోనీలెండి, ఇంజనీరు రానే వస్తాడు," అని మావయ్యే సర్దిచెప్పాడు.

ఆ తర్వాతి ఆదివారం అమ్మ మోకాలు నొప్పి అంది, చర్చికి రాలేనంది. నేనొక్కదాన్నే వెళ్లాను. తీరా వెళ్లాక, ఆ రోజు పాటలు పాడే ఆడపిల్లల కోసం కుట్టిన కండువాలు కొట్లోనే మర్చిపోయానని గుర్తొచ్చింది. ఆరాధన మొదలవడానికి ఇంకా టైముంది. ఆటో పట్టుకుని గల్లీకి వచ్చాను.

ఆదివారం గల్లీ మూసి ఉంటుంది. గేటు దగ్గరగా వేసి ఉంది గానీ తాళం లేదు. లోపల ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు. చెప్పులు చేత్తో పట్టుకుని గోడవారగా నడిచాను.

గాజుల దీదీ కొట్టు ముందు నిచ్చెన వేసి ఉంది. పైన గొడుగులాయన. కింద, నిచ్చెన రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఒక కాలు అడ్డం పెట్టి నిలబడి ఉంది మా అమ్మ. మోకాళ్లు రెండూ బాగానే ఉన్నాయి.

"అమ్మా!"

"కేకలెయ్యకే. చర్చి వదిలేలోగా ఇంకా కొన్ని బిగించాలి," అంది, తల కూడా తిప్పకుండా.

ఆమె కాళ్ల దగ్గర మా బట్టల సంచీ, దాని నిండా కొత్త హుక్కు బోల్టులు.

"ఏం మందు పెట్టాడమ్మా నీకు? కప్పు ముట్టుకోవద్దన్నారు కదా! ఎవరైనా చూస్తే?"

"అందుకే ఆదివారం. ఆదివారం ఆయన చర్చిలో ఉంటాడు."

"ఎవరు?"

"మీ వాచీల మావయ్య."

నేను నవ్వాను. నవ్వు కాదది, ఏదో చప్పుడు. అమ్మ అప్పుడు నా వైపు తిరిగింది.

"అద్దం పడిన రోజు గుర్తుందా? చినుకు మొదలవగానే మనందరం పైకి చూసేం. ఏ కొట్టులో కారుతుందోనని. ఆయన పైకి చూడలేదు. అప్పటిదాకా గాజులావిడ కొట్టు దగ్గరే నిలబడి కబుర్లాడుతున్నాడు. గాలి లేవగానే మెల్లగా ఇటొచ్చేసి గోడకి ఆనుకున్నాడు. అప్పటికి రేకు ఇంకా లేవలేదు."

"అది చాలా? అంత మాత్రానికే?"

"గల్లీ లోపలి నుంచి కప్పు మీదికి దారి ఉన్నది ఒక్క కొట్టుకే. ఆయన అటక మీంచి. నీ చిన్నప్పుడు నువ్వే ఎక్కి దిగేదానివి."

పైనుంచి గొడుగులాయన, "చెల్లెమ్మా, ఆ పెద్ద పానా కొంచెం అందిస్తారా?" అన్నాడు.

నేను కదల్లేదు. అమ్మే అందించింది. నేను కండువాలు తీసుకుని బయటపడ్డాను. ఆటోలో కూర్చున్నాక కూడా ఎవరిని నమ్మాలో తేలలేదు. బోల్టులు విప్పిన దొంగ, బిగిస్తున్నట్టు నటించి అమ్మని బుట్టలో వేసుకోలేడా? చిన్నప్పుడు నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించిన మనిషి మీద అంత మాట అనడానికి, పైకి చూడలేదన్న ఒక్క సాక్ష్యం సరిపోతుందా?

ఆరాధనలో కానుకల సంచి పట్టుకుని మావయ్య నా వరసకి వచ్చాడు.

"అమ్మ రాలేదేం?"

"మోకాలు నొప్పి మావయ్యా."

"అయ్యో. సాయంత్రం ఇంటికొచ్చి ప్రార్థన చేస్తానని చెప్పు."

నేను ఆ సంగతి చెప్పగానే అమ్మ పాత చీర అంచు చింపి మోకాలికి కట్టు కట్టుకుంది. మినీ బేలో మా ఇంటి వరండాలో, ఎండ ఇంకా తగ్గకముందే మావయ్య వచ్చాడు. బైబిలు చదివాడు. అమ్మ మోకాలి మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలెట్టాడు. అందరం తల వంచాం. నేను కళ్లు మూసుకోలేకపోయాను. చూస్తే అమ్మ కళ్లు కూడా తెరిచే ఉన్నాయి. తన మోకాలి మీదున్న ఆయన వేళ్లని చూస్తోంది. వాచీలు బాగుచేసే ఆ శుభ్రమైన వేళ్ల గోళ్ల కింద ఎర్రగా తుప్పు. నేను ఆయన మొహం వైపు చూశాను. నోరు ప్రార్థన చేస్తోంది. కళ్లు మాత్రం సన్నగా తెరుచుకుని, గుమ్మం పక్కన పెట్టిన, పొద్దున్న బోల్టులు మోసిన మా బట్టల సంచీ మీద ఉన్నాయి. ఆ ప్రార్థనలో కళ్లు మూసుకున్న వాళ్లు ఎవరూ లేరు.

ఆమేన్ అన్నాం. టీ ఇచ్చాను. తాగి వెళ్లిపోయాడు.

"గోళ్లు చూసేవా?" అంది అమ్మ.

"పాత గడియారాలకీ తుప్పు ఉంటుంది కదమ్మా," అన్నాను. అన్నానే గానీ, నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

ఇంజనీరు వచ్చిన రోజు పొద్దున్నే గల్లీ ఊడ్చి నీళ్లు చల్లాం. ఆయన పడుచువాడు, మర్యాదస్తుడు. స్తంభాల్ని గుప్పిటతో కొట్టి చూశాడు, చెవి పెట్టి విన్నాడు. మేనేజరు పక్కనే నడుస్తూ, "చాలా ఓల్డ్ సార్, చాలా డేంజర్," అంటూ ఉన్నాడు. వాచీల మావయ్య టార్చి పట్టుకుని వెలుగు చూపిస్తున్నాడు. మేమంతా వెనక.

"ఇక్కడ చూడండి సార్. మొన్న అద్దం పడింది ఇక్కడే," అని మావయ్య టార్చి గాజుల కొట్టు పైకి తిప్పాడు.

ఇంజనీరు వెంట వచ్చిన పనివాడు నిచ్చెనెక్కి రేకు పట్టుకుని గుంజాడు. కదల్లేదు. "టైట్ హై సాబ్."

"అది కాదు. దాని పక్కన, మూడో హుక్కు," అన్నాడు మావయ్య.

పనివాడు మూడోది కూడా గుంజాడు. "యే భీ టైట్ హై."

"అలా ఎలా అవుతుంది? సరిగ్గా చూడవయ్యా. మూడోదీ, దాని తర్వాత అయిదోదీ..."

అప్పుడు గాజుల దీదీ, గల్లీలో అందరికంటే పెద్ద నోరున్న మనిషి, చాలా మెల్లగా అడిగింది.

"దాదా, మూడోది అని ఆప్‌కో కైసే మాలూమ్? మీకెలా తెలుసు?"

మావయ్య చేతిలో టార్చి ఇంకా పైకే చూపిస్తోంది. ఆయన టార్చి ఆర్పేశాడు. మేనేజరు ఫోను తీసి ఏదో చూసుకోవడం మొదలెట్టాడు. నేను అమ్మ వైపు చూశాను, అమ్మ నేల వైపు చూస్తోంది. గొడుగులాయన తన కొట్టు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తనకేమీ సంబంధం లేనట్టు.

ఇంజనీరుకి ఇదేమీ అర్థం కాలేదు, అర్థమైనా పైకి చూపించలేదు. కలప గట్టిగా ఉందనీ, కొన్ని రేకులూ అద్దాలూ మార్చుకుంటే సరిపోతుందనీ, ఖాళీ చేయించాల్సిన ప్రమాదం లేదనీ చెప్పి వెళ్లిపోయాడు. ఆ మాటకి చప్పట్లు కొట్టాల్సిన వాళ్లం. ఎవరి కొట్లోకి వాళ్లం వెళ్లి కూర్చున్నాం.

మావయ్య కంటికి భూతద్దం పెట్టుకుని బల్ల మీదికి వంగి ఉన్నాడు. బల్ల మీద వాచీ లేదు. చాలాసేపటికి అమ్మ లేచి వెళ్లి ఆయన గుమ్మంలో స్టూలు మీద కూర్చుంది. మధ్యలో ఉన్నది చెక్క గోడే, నాకు అన్నీ వినిపించాయి.

"ఎందుకన్నా ఇలగ?"

"చూపు పోతోంది చెల్లెమ్మా. చిన్న చక్రాలు కనిపించట్లేదు. ఇంక చేతి వాచీలు చెయ్యలేను. కొత్త కాంప్లెక్సులో కింద అంతస్తులో కొట్టు ఇస్తానన్నాడు మేనేజరు. గోడ గడియారాలు పెట్టుకుని అమ్ముకోవచ్చన్నాడు." మళ్లీ తనే, "రేకు కదిలి చప్పుడు చేస్తే చాలనుకున్నాను. అద్దం పడుతుందనుకోలేదు," అన్నాడు.

"ఆ పిల్ల తల మీద పడుంటే?"

అమ్మ స్టూలు జరుపుకుని లేచిన చప్పుడైంది. నేను అటువైపు వెళ్లలేదు. ఆ చెక్క గోడ ఇవతల కూర్చుని, ఒక జాకెట్టుకి చెయ్యి తిరగేసి కుట్టి, విప్పి, మళ్లీ కుట్టాను.

గొడుగులాయనకి మాత్రం ఆ సాయంత్రం నేనే టీ తీసుకెళ్లాను. కానీ ఖాళీ చేతుల్తో వెనక్కి రాలేదు, అడగాల్సినవి అడిగాను.

"మేనేజరు నీకు కొట్టు ఎందుకిచ్చాడు?"

"గల్లీ ఇంక కొన్ని నెలలే ఉంటుంది, ఇష్టమైతే ఉండమన్నాడు. ఖాళీగా ఉంచడమెందుకని."

"అన్నీ తెలిసి ఎందుకొచ్చావ్ మరి?"

ఆయన ఫోటో వైపు చూశాడు. "అక్కడ ఒక ముసలావిడ గొడుగుల కొట్లో చాలా ఏళ్లు పనిచేశాను. పిడులు అతికించడం, ఊచలు మార్చడం. వాన పడితే జనమంతా ఆ కప్పు కిందికి వచ్చేసేవాళ్లు. ఎవరూ ఏమీ కొనక్కర్లేదు. చాక్లెట్ల కొట్టు అద్దంలోంచి చూస్తూ, వాన తగ్గేదాకా నిలబడేవాళ్లు. ఆ వీధి కూడా ఒకప్పుడు పాడుబడిందట, అద్దాలు పగిలి, కొట్లు మూతబడి. అక్కడివాళ్లే బాగుచేసుకున్నారని ఆవిడ చెప్పేది. ఆవిడ పోయాక కొట్టు అమ్మేశారు. నేను కాకినాడ వచ్చేశాను. ఆ ఊళ్లో ఉండబుద్ధి కాలేదు. ఇక్కడికి దగ్గర్లో వండూర్ పల్లెలో స్నేహితుడుంటే చూడ్డానికి వచ్చి, ఒకరోజు దారి తప్పి ఈ గల్లీలోకి వచ్చాను."

"ఇంట్లో ఎవరున్నారు నీకు?"

ఆయన గొడుగు పిడి తుడుస్తూ ఉండిపోయాడు. ఆ ప్రశ్నకి ఇప్పటికీ జవాబు లేదు. నేనూ మళ్లీ అడగలేదు గానీ, లెక్కలోంచి తీసెయ్యనూ లేదు.

మావయ్యని గల్లీలో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే ఆయనకి తేలికయ్యేదేమో. రిపేరుకి ఇచ్చిన వాచీలు మాత్రం ఒక్కొక్కరే వచ్చి తీసుకెళ్లిపోయారు. కొన్నాళ్లకి మేనేజరు మిడిల్ పాయింట్‌లో ఆయనకి ఒక చిన్న గది చూపించాడని తెలిసింది. ఒక పొద్దున్న ఆటో తెచ్చి సామాను ఎక్కించుకుంటున్నాడు. సాయానికి ఎవరూ లేవలేదు. అమ్మ సూది జాకెట్టుకి గుచ్చి పక్కన పెట్టి లేచింది.

"ఎక్కడికమ్మా?"

"గడియారాలు ఒళ్లో పెట్టుకుని ఎవరో ఒకరు కూర్చోకపోతే దారిలో అద్దాలు పగిలిపోతాయి. నువ్వు కూడా రా. రెండు ఒళ్లు కావాలి."

నాకు ఇష్టం లేదు. అయినా వెళ్లాను. ఆటోలో నా ఒళ్లో ఒక పెద్ద గోడ గడియారం, అమ్మ ఒళ్లో రెండు. ముందు సీట్లో డ్రైవరు పక్కన మావయ్య, వెనక్కి తిరక్కుండా కూర్చున్నాడు. గోతులొచ్చినప్పుడల్లా గడియారాల లోపల గంటలు వాటంతట అవే చిన్నగా మోగాయి.

కొత్త గది మెట్ల కింద ఉంది. పగలే ట్యూబులైటు. గోడకి మేకులు కొట్టడానికి డ్రైవరు సాయం చేశాడు. గడియారాలు తగిలించాక మావయ్య కింది హోటల్ నుంచి మూడు టీలు చెప్పించాడు. అమ్మ ఊదుకుంటూ తాగింది. చర్చిలో రాబోయే పండగ గురించి ఏదో అడిగింది, ఆయన ఏదో చెప్పాడు. నేను గ్లాసు చేత్తో పట్టుకునే ఉన్నాను.

"చల్లారిపోతోందమ్మా," అన్నాడు మావయ్య. పొద్దుటి నుంచి నాతో ఆయన అన్న మొదటి మాట అదే.

"తాగుతాను," అన్నాను.

సగం తాగి బల్ల మీద పెట్టాను. బయటికొచ్చాక అమ్మని అడిగాను, ఆయన్ని మళ్లీ నమ్ముతావా అని. "నమ్మడమేటి, చూపు పోతున్న మనిషికి ఆ గదిలో కిటికీ కూడా లేదు చూసేవా?" అంది అమ్మ. బస్సు వచ్చింది. జనం ఎక్కువగా ఉన్నారు. అమ్మకి సీటు దొరికింది, నేను ఆమె పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.